పావుగంట సందు

బోర్డు మీద రాసినదాన్ని ఎవరి భుజమో తుడిచేసింది. గొడవంతా అక్కడే మొదలైంది. తొమ్మిది గంటల పాఠం నాదంటే నాదని ఇద్దరు వచ్చి కూర్చున్నారు. ఒకాయన బ్యాంకు ఉద్యోగి, ఒకావిడ పళ్ల డాక్టరు. ఇద్దరికీ పనికి టైమైపోతోంది. డ్రైవింగ్ స్కూలుకున్న రెండు బండ్లలో ఒకటి పరీక్షలకు వెళ్లింది, గుమ్మం ముందున్నది ఒక్కటే. బల్ల దగ్గర కూర్చునే అక్కయ్య ఇద్దరికీ చెరో కుర్చీ వేసి, ఇద్దరి చేతా చీవాట్లు తిని, చివరికి బ్యాంకాయన్ని సాయంత్రం రమ్మని బతిమాలి పంపింది. ఆయన వెళ్తూ వెళ్తూ తలుపు గట్టిగా వేసి వెళ్లాడు.

ఆమెకు ఒక పేరుంది గాని స్కూల్లో అది ఎవరికీ అక్కర్లేదు. నేర్చుకోవడానికి వచ్చేవాళ్లకు అక్కయ్య, నేర్పేవాళ్లకు అక్కయ్య, ఆమెకంటే వయసులో పెద్దవాడైన ప్రొప్రైటరుకు కూడా అక్కయ్యే. ఆ వరస కలపడం వల్ల ఆయనకు ఖర్చేమీ లేదు కదా.

"ఆ బోర్డు పీకించేయండక్కయ్యా," అన్నాడాయన మధ్యాహ్నం విషయం విని. "ఎదురుగా కంప్యూటరు పెట్టుకుని ఇంకా ఆ గీతలేంటి? క్యాలెండరు లాంటిదేదో పెట్టించండి. స్క్రీను ఇటు తిప్పి పెట్టండి, వచ్చినవాళ్లు వాళ్ల టైము వాళ్లే చూసుకుంటారు."

"కంప్యూటరు పాతదండీ. రసీదు టైపు చేయడానికే ఆయాసపడుతోంది."

"కొత్తది కొనే మాట మాత్రం ఎత్తకండి. ఉన్నదాంట్లోనే సర్దుకోవాలి," అని ఆయన బయటికి వెళ్లి, గుమ్మం ముందున్న బండి బానెట్ మీద పడ్డ ఎండుటాకును తన జేబురుమాలుతో తీసి పారేశాడు.

సాయంత్రం పక్కవీధి రిపేరాయన వచ్చాడు. ఆ కంప్యూటరు ఇక లేవదని అందరూ ఆశ వదులుకున్నాక, దాని కడుపులోంచి పాతదంతా తీసేసి డబ్బక్కర్లేని లినక్స్ సాఫ్ట్‌వేరు ఎక్కించి మళ్లీ నిలబెట్టింది ఆయనే. రోజంతా ఎవరెవరి గదుల్లోనో బల్లల కింద దూరి దూరి వచ్చినట్టున్నాడు, మోకాళ్లకు దుమ్ము అంటుకుని ఉంది. కుర్చీలో కూలబడి ఒక్క నిట్టూర్పు విడిచి మౌసు పట్టుకున్నాడు.

"మూడు క్యాలెండర్లున్నాయి. మూడూ లినక్స్ మీద నడిచేవే. చూసి చెప్పండి, నచ్చింది ఉంచుతాను."

"నాకేం తెలుసండీ? మీరే ఏదో ఒకటి పెట్టేయండి."

"రోజూ దాంతో కాపురం చేసేది మీరు. నేను పెట్టేసి పోతాను, తర్వాత మీరు నన్ను తిట్టుకుంటారు. ఎందుకొచ్చిన గొడవ?"

మొదటిది పెద్దది. ఉత్తరాలు, ఫోను నంబర్లు, చేయాల్సిన పనులు, రంగులు, గంటలు, అందులో లేనిదంటూ లేదు. దాన్ని నొక్కగానే లోపలి ఫ్యాను రయ్యిమని మొత్తుకోవడం మొదలుపెట్టింది. అక్కయ్య లేచి టీ గ్లాసులు కడుక్కుని వచ్చేసరికి కూడా అది తెరుచుకుంటూనే ఉంది. "దీని మెమొరీ అంతా ఇదొక్కటే మింగేస్తుంది. మీరు రసీదు తీయాలంటే దీన్ని మూసి రావాలి," అన్నాడు రిపేరాయన. రెండోది నల్లటి తెర మీద వట్టి అక్షరాలు. ఈకంత బరువు కూడా లేదట. కాని ప్రతిదీ మాటల్లో టైపు చేసి చెప్పాలి, పైగా చూసినవాళ్లు కంప్యూటరు పాడైందనుకుంటారు. మూడోది చిన్నది. మౌసు మీద వేలు తీసేలోపే తెరుచుకుంది. ఎడమపక్క నెల, కుడిపక్క ఆ రోజు. గంటల గళ్లు. ఒక గడి మీద నొక్కితే ఎవరు, ఎప్పుడు, ఎంతసేపు అని మూడే మూడు ప్రశ్నలు వేసి ఊరుకుంటుంది.

"దీనికి నెట్ అక్కర్లేదు. కాకపోతే మీ సారు ఇంట్లో కూర్చుని చూస్తానంటే కుదరదు," అన్నాడు రిపేరాయన.

"అయితే ఇదే ఉంచండి," అంది అక్కయ్య. ఆ పొద్దు మొదలైనప్పట్నించి ఆమె నవ్వింది అప్పుడే.

ఆయన వెళ్లాక మర్నాటి పాఠాలు ఎక్కించడానికి కూర్చుంది. ఎంతసేపు అని అడిగిన చోట ఏమీ రాయకపోతే అదే గంట అని వేసుకుంటుంది. ఆమె వదిలేయలేదు. పాఠం ముప్పావుగంట. ఉన్నది ఉన్నట్టు పెట్టాలని, ఒక్కోదాన్నీ ముప్పావుగంటకు దిద్దుకుంటూ పోయింది. ఇద్దరు మాస్టర్లకూ రెండు రంగులు వేసింది. పని తెమిలాక కాస్త వెనక్కి జరిగి చూసుకుంది. ముచ్చటగా ఉంది.

చేసిన పొరపాటు అదే. బోర్డు మీద ఎనిమిది, తొమ్మిది, పది అని మొదలయ్యే వేళలే రాసేది. మధ్యలో ఏముందో ఎవరూ అడగలేదు. మధ్యలో బండి వచ్చి ఆగేది. నేర్పే మనిషి దిగి, నడుము నిలబెట్టుకుని, వెనకనున్న బాత్రూంకు వెళ్లి, మొహం కడుక్కుని, రెండు గుక్కల నీళ్లు తాగి మళ్లీ ఎక్కేది. ఆ పావుగంట ఇవ్వాలని ఏ కాగితం మీదా లేదు, అలా గడిచిపోయేది అంతే. ఇప్పుడది తెర మీద రంగు గళ్ల మధ్య తెల్లటి చారలై, ఆ చివర్నించి ఈ చివరికి కనిపిస్తోంది.

పొద్దున్నే వచ్చిన ప్రొప్రైటరు కళ్లజోడు సర్దుకుని వంగి చూశాడు. "బాగుందే. ఈ తెల్లచారలేంటి?"

అక్కయ్య కుర్చీ కాస్త వెనక్కి జరుపుకుంది. "పాఠానికీ పాఠానికీ మధ్యనండీ."

"అంటే బండి ఖాళీగా నిలబడుతోందన్న మాట. ఇన్నాళ్లూ నాకు తెలియనేలేదు చూడండి. ఇవన్నీ దగ్గరికి జరిపేస్తే రోజుకు ఇంకో ఇద్దరు పడతారు. ఎంతమంది వేచి ఉన్నారో మీకు తెలియదా?"

ఆయన పక్కనే నిలబడి ఉండగా ఆమె ఒక్కో గడినీ మౌసుతో పట్టుకుని పైకి జరిపింది. చిన్న క్యాలెండరు చాలా చురుకైంది. ఒక గడి అంచుకు ఇంకో గడి తగలగానే టక్కున అతుక్కుంటోంది. తెల్లచార ఒక్కటి కూడా మిగల్లేదు.

*

నేర్పేవాళ్లిద్దరు. ఒకాయన క్లచ్ మాస్టారు. మధ్యాహ్నం బల్ల మీద తల ఆన్చి కునుకు తీసినా 'క్లచ్చు, క్లచ్చు' అని గొణుగుతాడు. రెండో మనిషి అక్కయ్య తమ్ముడి భార్య. మరదల్ని ఈ ఉద్యోగంలో చేర్పించింది అక్కయ్యే. ఆడవాళ్లు చాలామంది ఈ అమ్మాయే కావాలని అడిగి మరీ చేరతారు. గేరు తప్పుగా వేసినా, కాలువ అంచుదాకా పోనిచ్చినా గొంతు పెంచదు. 'ఏం పర్లేదు, మళ్లీ చేద్దాం' అంటుంది.

కొత్త టైములు చూసి క్లచ్ మాస్టారు నవ్వేశాడు. "నాకేంటక్కయ్యా, ఊరు నిండా గోడలున్నాయి."

మరదలు తెర వంక కాసేపు చూసింది. "సర్లే వదినా," అంది. జుట్టు బిగించి ముడేసుకుని బండెక్కింది.

మొదటి రెండు మూడు రోజులు అక్కయ్యకూ ఊపిరి సలపలేదు. బండి గుమ్మం ముందు ఆగడం, ఒకరు దిగడం, ఇంకొకరు ఎక్కడం, ఇంజిను ఆర్పకుండానే వెళ్లిపోవడం. ఒకరు కాస్త ఆలస్యమైతే ఆ వెనకవాళ్లంతా ఆలస్యం, అందరూ వచ్చి బల్ల మీద పడేవారు. ఒక సాయంత్రం ఇద్దరూ కలిసి బస్సుకు నడుస్తుంటే మరదలి భుజాన్నించి సంచి జారింది. అక్కయ్య అందుకుని పట్టుకుంది. బరువుగా ఉంది. చూస్తే, పొద్దున పోసుకొచ్చిన నీళ్లసీసా నిండుగా, మూత కూడా తీయకుండా ఉంది.

"ఇదేంటే? ఇంత ఎండలో నీళ్లు తాగలేదా?"

"దాహం వేయలేదు వదినా."

పెదాలు ఎండి పొట్టు లేస్తున్నాయి. ఆ తర్వాత అక్కయ్య రోజూ ఆ సీసా మీదే కన్ను వేసి ఉంచింది. రోజూ నిండుగానే ఇంటికి పోతోంది.

వారం తిరక్కుండానే తమ్ముడు ఫోను చేశాడు. "అక్కా, ఇవాళ అది పనికి రాదు. ఒళ్లు కాలిపోతోంది, వణికిపోతోంది."

క్లచ్ మాస్టారికి పట్టినన్ని పాఠాలు అంటగట్టి, మిగిలినవాళ్లకు ఫోన్లు చేసి క్షమించమని చెప్పి, సాయంత్రం తమ్ముడి ఇంటికి వెళ్లింది. మరదలు గోడవైపు తిరిగి ముడుచుకుని పడుకుంది. తమ్ముడు పక్కన స్టూలు మీద మందులు సర్దుతున్నాడు.

"మూత్రంలో ఇన్ఫెక్షనట. గంటకోసారి నీళ్లు తాగాలి, ఆపుకు కూర్చోకూడదు అంది డాక్టరు. అయినా నువ్వక్కడే ఉన్నావు కదక్కా, కాస్త చూసుకోవద్దూ?"

ఆ మాట సూటిగా వెళ్లి గుచ్చుకుంది. మరదలు అటు తిరిగే అంది, "వదిన్నేం అనకండి. నీళ్లు తాగితే మధ్యలో దిగాల్సి వస్తుంది. స్టీరింగు చేతికిచ్చి, వాళ్లను నడిరోడ్డు మీద వదిలేసి ఎక్కడికెళ్లను? అందుకే మానేశాను."

అక్కయ్య మంచం అంచున కూర్చుని ఆ కాళ్ల మీద చెయ్యి వేసింది. జ్వరం చీరలోంచి కూడా తెలుస్తోంది. క్యాలెండరు గంట అని వేసుకోబోతే, కాదు ముప్పావుగంట అని దిద్దింది తన చెయ్యి. సందులన్నీ మూసిందీ తన చెయ్యే. ఏడుపొచ్చింది, కాని తమ్ముడి ముందు ఏడవడం ఇష్టంలేక గ్లాసు తెస్తానని వంటింట్లోకి వెళ్లింది.

*

మర్నాడు ప్రొప్రైటరు చెవిన వేసింది. ఎలా చెప్పాలా అని దారి పొడుగునా మాటలు కూర్చుకుంది గాని, తీరా నిలబడేసరికి సగం మింగేసింది.

"అయ్యో పాపం," అన్నాడాయన, నిజంగానే. "జ్వరం తగ్గేదాకా రావద్దని చెప్పండి. అయినా బాత్రూంకు వెళ్లొద్దని నేనేమైనా అన్నానా? స్టూడెంటుని రెండు నిమిషాలు కూర్చోబెట్టి వెళ్లి రావచ్చు కదా."

"ఎదురుగా మనుషులు టైము చూసుకుంటూ కూర్చుంటారండీ. ఎలా వెళ్తుంది? మధ్యలో ఆ పావుగంట మళ్లీ ఇప్పిస్తే..."

"అక్కయ్యా, ఖాళీ అని తెర మీద పెట్టుకుంటే వచ్చినవాళ్లు ఊరుకుంటారా? ఖాళీ ఉంది కదా నన్ను వేయండంటారు. మీకే తలనొప్పి." అని ఆ విషయం అక్కడితో అయిపోయినట్టు లేచి బయటికి వెళ్లాడు.

అప్పుడే క్లచ్ మాస్టారి బండి వచ్చి ఆగింది. ప్రొప్రైటరు బానెట్ మీద అరచెయ్యి ఆన్చి చటుక్కున తీశాడు. "ఏంటి మాస్టారూ, ఇలా కాలిపోతోంది? పెనం మీద పెట్టినట్టుంది."

"పొద్దున్నించి ఆపితేనా సార్?"

"అలా తోలితే ఎలా? మధ్యమధ్య కాస్త చల్లారనివ్వాలి. ఇంజిను పోయిందంటే మళ్లీ తేగలమా?" ఆయన గొంతులో నిజమైన బాధ ఉంది. బండి చుట్టూ ఒకసారి తిరిగి, టైరు మీద కాలితో తట్టి చూశాడు.

కిటికీలోంచి చూస్తున్న అక్కయ్యకు ముందు ఒళ్లు మండింది. ఆ మంట కాస్త తగ్గాక ఇంకో ఆలోచన వచ్చింది. కూర్చుని, పాఠాలన్నీ ఒక్కోటీ పట్టుకుని కిందికి జరిపింది. మధ్యలో తేలిన పావుగంటలన్నిట్లో బూడిదరంగు గడి పెట్టి 'ఇంజిను చల్లారడానికి' అని రాసింది. రోజూ ఇలాగేనా అని క్యాలెండరు అడిగితే అవునంది. కొత్తగా చేరిన ఇద్దర్నీ ఫోను చేసి వచ్చే నెలకు నెట్టింది.

సాయంత్రం ప్రొప్రైటరు వంగి చదివాడు. ఆమె పమిటకొంగు వేలికి చుట్టుకుంటూ నిలబడింది.

"భేష్," అన్నాడాయన. "ఇదీ పద్ధతంటే. నేను చెప్పకుండానే పెట్టారు చూడండి, మీకు బండి మీద శ్రద్ధ ఉంది."

బస్సులో కూర్చున్నాక ఆమెకు నవ్వొచ్చింది, వెంటనే నీరసమూ వచ్చింది. ఇన్నేళ్ల కొలువులో ఆయన తనను మెచ్చుకున్నది ఇదే మొదలు.

*

మరదలు చిక్కిపోయి వచ్చింది. చీర కుచ్చిళ్లు ఇంకో మడత ఎక్కువ పడ్డాయి. పాఠం కాగానే బండి ఆపి లోపలికి వచ్చేది, వెనక్కి వెళ్లేది, వచ్చి నీళ్లు తాగేది, పళ్ల డాక్టరమ్మో ఇంకొకరో వచ్చేదాకా ఫ్యాను కింద కళ్లు మూసుకుని కూర్చునేది. టైము దొరికిందని మాత్రం ఆమెకు అర్థమైంది. ఎలా దొరికిందో అక్కయ్య చెప్పలేదు, ఆమె అడగలేదు, తెర వంకా చూడలేదు.

నాలుగో రోజో ఐదో రోజో పళ్ల డాక్టరమ్మ బల్ల అవతల నిలబడి, అటు తిప్పి ఉంచిన స్క్రీను చదివింది. చదివి మరదలి వైపు తిరిగింది. "మీ బండికి ఏమైనా సమస్యా? గంటగంటకూ ఇంజిను చల్లార్చుకోవాలంటున్నారు. దారిలో పొగలు గక్కదు కదా? నాకసలే భయం."

మరదలు తెర వంక చూసింది, తర్వాత అక్కయ్య వంక చూసింది. "బండి బాగానే ఉందండీ," అని తాళాలు తీసుకుంది.

సాయంత్రం అందరూ వెళ్లాక వచ్చి బల్లకు ఇటువైపు కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఎందుకు వదినా ఆ అబద్ధం?"

"నీ కోసమేనే. నీకని అడిగితే కుదరదన్నాడు. బండికని రాస్తే భేష్ అన్నాడు. ఏం చేయమంటావు?"

"నా కోసమైతే నాకని రాయి."

"రాస్తే తీసేస్తాడే. మళ్లీ మొదటికొస్తుంది. పనవుతోంది కదా, పేరేదైతేనేం?"

మరదలు రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, స్టీరింగు పట్టుకుని పట్టుకుని కాయలు కాసిన అరచేతుల్ని చూసుకుంటూ ఉంది.

"జ్వరంలో పడుకున్నప్పుడు అదే అనుకున్నాను వదినా. నేను ఎవర్నీ ఏమీ అడగలేదు. ఆయన్ని అడగలేదు, నిన్నడగలేదు. నీళ్లు మానేశాను. నా ఒళ్లే తప్పన్నట్టు దాన్ని ఎండబెట్టాను. ఇప్పుడు మళ్లీ బండి చాటున దాక్కుని వెళ్లాలా? సిగ్గుగా ఉంది. తీసేస్తే తీసేయనీ. నా మొహం చూసి, ఇది నీకు లేదని చెప్పి తీసేయమను."

అక్కయ్యకు కోపం వచ్చింది. ఇంత తెలివిగా చేసిన పనిని ఈ పిల్ల ఒక్క మాటతో తోసేసిందే అని. ఆ కోపం ఎక్కువసేపు నిలవలేదు. మరదలు చెప్పినదాంట్లో కాదనడానికేమీ లేదు, కాదనే ఓపికా లేదు. మౌసు దగ్గరికి లాక్కుంది.

మొదట 'విరామం' అని రాసింది. ఎవరికో, దేనికో తెలియకుండా ఉంది. చెరిపేసింది. కాసేపు ఆలోచించి, టైపు చేసేటప్పుడు ఎప్పుడూ చేసినట్టే పెదాలు కదుపుతూ రాసింది. 'టీచరుగారు బాత్రూంకు, మంచినీళ్లకు.' క్యాలెండరు ఒక ప్రశ్న వేసింది. ఈ ఒక్కదానికేనా, ఇకమీదట వచ్చేవాటన్నిటికీనా?

"ఏమంటోంది?" అంది మరదలు.

"అన్నిటికీనా అని అడుగుతోంది," అని అక్కయ్య అన్నిటికీ అని నొక్కింది. మాస్టారి గళ్లలోనూ అదే రాసింది. ఆయనకు గోడలున్నాయి నిజమే గాని, ఆయనా మనిషే కదా.

ఆ రాత్రి ఆమెకు సరిగ్గా నిద్రపట్టలేదు. పొద్దున మామూలు కంటే ముందే వచ్చి బల్ల తుడుచుకుని కూర్చుంది. ప్రొప్రైటరు వచ్చాడు, చదివాడు, మళ్లీ చదివాడు. మొహం కందగడ్డ అయింది.

"ఇదేంటక్కయ్యా, నలుగురూ చూసేచోట?"

"వాళ్లు వెళ్లేది అందుకేనండీ."

"బండికని ఉండేది కదా. అదే ఉంచండి. పావుగంట తీసేయమని నేననట్లేదు, ఇచ్చాను. పేరు మాత్రం మార్చండి. చూడ్డానికి బాగోలేదు."

"బండికని ఉంటే పళ్ల డాక్టరమ్మ భయపడుతోంది సార్. మన బండ్లు పాడైపోయాయని బయట అనుకుంటారు."

ఆయనకు అది తట్టలేదు. "అయితే ఇంకేదైనా పెట్టండి."

"ఏం పెట్టమంటారు?"

ఆయన ఆలోచించాడు. నుదురు రుద్దుకున్నాడు. కీబోర్డు మీద చేతులు పెట్టుకుని అక్కయ్య ఎదురుచూసింది.

బయట బండి ఆగింది. మరదలు లోపలికి వచ్చి తాళాలు బల్ల మీద పెట్టింది. ప్రొప్రైటరు నిలబడి ఉన్నాడని చూసింది, తెర ఎటు తిరిగి ఉందో కూడా చూసింది. "నమస్కారం సార్," అని ఆయన పక్కనుంచే నడిచి, తొందర లేకుండా వెనక్కి వెళ్లింది. తలుపు గడియ పడిన చప్పుడు వినిపించింది.

ఆ వెనకే పళ్ల డాక్టరమ్మ వచ్చింది. ఎదురుగా నిలబడి ఉన్నది ప్రొప్రైటరే కాబట్టి ఆయన్నే అడిగింది. "మేడంగారు ఏరండీ? బండి ఇక్కడే ఉందే."

ఆయన అక్కయ్య వైపు చూశాడు. అక్కయ్య తలెత్తలేదు, మర్నాటి పాఠాలు ఎక్కిస్తోంది. ఆయన తెర వైపు చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"బాత్రూంకు వెళ్లారు," అన్నాడు. తెర మీద మిగతా సగం కూడా చదివి, "వచ్చి మంచినీళ్లు తాగుతారు. మీరు కూర్చోండి."

"అలాగేనండీ," అని ఆవిడ కూర్చుని ఫోను తీసి చూసుకోసాగింది. అందులో వింతేదో విన్నట్టు కూడా లేదు ఆవిడ మొహం. ప్రొప్రైటరు మాత్రం ఇంకా నిలబడే ఉన్నాడు.